పిల్లికి పండు పెట్టవచ్చునా?

ఈనాడు నేను ముచ్చటించబోయే విషయం వినగానే మీలో కొందరికి నవ్వు రావచ్చును. గేదెకు మేపు సంగతి చెప్పండి, గొఱ్ఱెలకు టీకాల సంగతి చెప్పండి, అంతేగాని పిల్లికి పండు పెట్టాలా వద్దా అనేది కూడా ఒక ప్రసంగమేనా అని అనుకోవచ్చును. నిజమే. కాని వేసవి వచ్చి మామిడిపండ్లు, పుచ్చకాయలు ఇంటికి చేరేసరికి పశువుల ఆసుపత్రి దగ్గర ఈ ప్రశ్న వేసేవారు ప్రతి ఏడూ ఉంటారు. గేదెను చూపించడానికి వస్తారు. పని అయిన తరువాత గుమ్మం దగ్గర ఆగి, కాస్త మొహమాటపడుతూ, "డాక్టరు బాబూ, మా పిల్లి అరటిపండు తింటోంది, ఏమన్నా అవుతుందా?" అని అడుగుతారు. అడిగేది ఎక్కువగా ఆడవారు. పిల్లికి ఇంత ముద్ద పడేసేది వారే గనుక.

ఇందులో మొహమాటపడవలసినది ఏమీ లేదు. ధాన్యం నిలవ ఉన్న ఇంట్లో పిల్లి జీతం బత్తెం లేని కావలివాడు. గాదెలో పోసినా, పురి కట్టినా, గోనె సంచులకెత్తి వసారాలో పేర్చినా ఎలుక రాకుండా ఉండదు. అది తినేది కొంత. మూత్రంతో, పెంటికలతో, వెంట్రుకలతో పాడుచేసేది ఇంకొంత. కొరికిన సంచుల సంగతి సరేసరి. ఎలుక మూత్రంవల్ల లెప్టోస్పైరోసిస్ అనే జబ్బు మనిషికీ, పశువుకూ కూడా సోకుతుంది. ఇంట్లో ఒక చురుకైన పిల్లి తిరుగుతూ ఉంటే చిట్టెలుకలు, ఎలుక పిల్లలు ఆ ఛాయలకు రావటానికే జంకుతాయి. పెద్ద పందికొక్కును పిల్లి పట్టలేదు, అది వేరే మాట. అటువంటి జీవికి ఏది పెట్టాలి, ఏది పెట్టకూడదు అనేది పశుపోషణలో చేరని విషయమేమీ కాదు.

ముందుగా అడిగిన ప్రశ్నకు సమాధానం చెప్పేస్తాను. బాగా పండిన పండు, తొక్క తీసి, గింజ తీసి, వేలి కొనంత ముక్క పిల్లి నోట పడితే దానికి వచ్చే ప్రమాదం లేదు. అయితే దానివల్ల పిల్లికి ఒనగూడే లాభం కూడా లేదు. కొన్ని పండ్లు మాత్రం అసలు పెట్టకూడదు, వాటి సంగతి తరువాత చెపుతాను. కాని నన్ను అడిగితే అసలు కీడు ఒక ముక్క పండులో లేదు. పండూ, పాలూ, పెరుగన్నమూ పెడుతున్నాము గదా, మా పిల్లి బాగానే తింటోంది గదా అని మాంసాహారం లేకుండా పిల్లిని గదిలో పెట్టి పెంచడంలో ఉన్నది. ఆ సంగతే ఈ రోజు కొంచెం వివరంగా చెప్పాలని నా ఉద్దేశం.

పిల్లి పుట్టుకతోనే మాంసాహారి. కుక్క కూడా మాంసాహారే గదా అంటారేమో. కుక్క మనతోపాటు సంకటి తిని, మజ్జిగన్నం తిని బ్రతకడం నేర్చింది. పిల్లి నేర్వలేదు. దాని పళ్ళు చూడండి. నమలడానికి వీలైన వెడల్పాటి దంతాలు లేవు, అన్నీ చీల్చడానికీ, కత్తిరించడానికీ పనికివచ్చేవే. దాని ప్రేగు పొట్టిది. మన ఉమ్మిలో పిండిపదార్థాన్ని కరిగించే రసం ఒకటి ఉన్నది. అన్నం చాలాసేపు నమిలితే తియ్యబడుతుంది, అది ఆ రసం చేసే పనే. పిల్లి ఉమ్మిలో ఆ రసం లేదు. కడుపులోకి పోయిన తరువాత కూడా పిండినీ, చక్కెరనూ అరిగించుకునే శక్తి దానికి తక్కువ.

ఇంకొక విచిత్రం. పిల్లికి తీపి తెలియదు. ఇది వేళాకోళానికి చెప్పే మాట కాదు. 2005లో అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరంలో మోనెల్ కేంద్రం శాస్త్రజ్ఞులు, వారితో కలిసి పనిచేసినవారు పరిశోధన చేసి, నాలుక మీద తీపిని గుర్తించే భాగం తయారుకావడానికి కావలసిన జన్యువు పిల్లిలో చెడిపోయి ఉన్నదని చూపించినారు. పెద్దపులిలోనూ, చీతాలోనూ అంతే. అంటే తేనె పూసినా, బెల్లం కలిపినా పిల్లికి ఒకటే.

మరి మా పిల్లి లడ్డు నాకుతుంది గదా, అని వెంటనే మీరు అడుగుతారు. నాకుతుంది. తీపి కోసం కాదు, నేతి కోసం. ఐస్‌క్రీము నాకితే అందులోని మీగడ కోసం. అరటిపండు దగ్గర చేరితే దాని మెత్తదనానికో, వాసనకో, మీ చేతిలో ఉన్నదనే ఆశకో. ఖర్బూజా అంటే ప్రాణం పెట్టే పిల్లులు కూడా కొన్ని ఉంటాయి. అక్కడ దాన్ని లాగేది తీపి కాదు, పండు వాసనే అనుకోవాలి. మనం తింటున్నది తనకూ కావాలనడం పిల్లికీ, పసిబిడ్డకూ ఉన్న గుణమే.

పండులో విటమినులు ఉంటాయి గదా, అవన్నా పనికిరావా అంటారు కొందరు చదువుకున్నవారు. సి విటమిను కోసం మనం జామపండు, ఉసిరికాయ తింటాము. పిల్లికి ఆ అవసరం లేదు. దానికి కావలసిన సి విటమిను దాని కాలేయమే తయారు చేసుకుంటుంది. ఇక ఎ విటమిను. బొప్పాయి, మామిడి, గుమ్మడి వంటి పసుపుపచ్చని వాటిని పిల్లలకు పెట్టండి, కళ్ళకు మంచిది అని తల్లులకు మనం చెపుతూ ఉంటాము. ఆ మాట మనుషుల విషయంలో ముమ్మాటికీ నిజం. ఆ పండ్లలోని పసుపు పదార్థాన్ని మన ఒళ్ళు ఎ విటమినుగా మార్చుకుంటుంది. పిల్లి ఒంటికి ఆ విద్య రాదు. బుట్టెడు బొప్పాయి తిన్నా దాని కళ్ళకు అందేది ఏమీ ఉండదు. దానికి ఎ విటమిను తయారుగా ఉన్నది కావాలి. అది ఎలుక కాలేయంలో ఉన్నది, చేపలో ఉన్నది, గుడ్డు పచ్చసొనలో ఉన్నది.

ఇక్కడ తోటల రైతులు ఒక మాట అడ్డుచెపుతారు. "మీరు పిల్లి పండు తినదంటారు. మా సపోటా తోటలో రాత్రిపూట పిల్లి చెట్టెక్కి పండ్లు తినిపోతోంది, నేను టార్చిలైటు వేసి కళ్ళారా చూశాను" అంటారు. మీరు చూసినది నిజమే, కాని అది పిల్లి కాదు. పునుగు జాతికి చెందిన జంతువు. కొన్ని చోట్ల మానుపిల్లి అంటారు. ఒళ్ళు పొడుగు, తోకా పొడుగే, మూతి కోసుగా ఉంటుంది. పగలు తాటిచెట్టు మొవ్వులోనో, పాత ఇంటి అటక మీదనో పడుకుని రాత్రి బయలుదేరుతుంది. దానికి పండ్లంటే ఇష్టం. గట్టు మీదా, గోడ మీదా గింజలతో నిండిన పెంట కనబడితే అది దానిదే. పేరులో పిల్లి ఉన్నంత మాత్రాన అది తిన్నదల్లా ఇంటి పిల్లి తినగలదనుకోవద్దు. దానిని చంపవద్దు కూడాను. వన్యప్రాణి రక్షణ చట్టం దానికి వర్తిస్తుంది.

సరే, ఏ పండు ఎంత? పిల్లి బరువు సుమారు 3 కిలోలు. మనిషి 60 కిలోలు అనుకుందాం. అంటే పిల్లికి 5 గ్రాములు పెడితే మనిషి 100 గ్రాములు తిన్నట్టు లెక్క. ఈ లెక్క మనసులో పెట్టుకుంటే చాలు, చెయ్యి దానంతట అదే తగ్గుతుంది. ఇంకొక విధంగా చూడండి. ఆ పిల్లికి రోజుకు సుమారు 200 కేలరీల ఆహారం కావాలి. ఒక చిట్టెలుకలో 30 కేలరీలు ఉంటాయి. అంటే ఆరేడు చిట్టెలుకలు దాని ఒకరోజు భోజనం. చిరుతిండి అనేది మొత్తంలో పదోవంతు దాటకూడదని పశువైద్యులు చెప్పే మాట, అంటే 20 కేలరీలు. మాములు అరటిపండు ఒకటి 100 కేలరీలు. అందులో అయిదోవంతు తింటేనే దాని కోటా అయిపోయింది. నా మట్టుకు నేను అంత కూడా పెట్టమనను. పలచగా కోసిన చక్రం ఒకటి, దానిని నాలుగు ముక్కలు చేసి పెట్టండి. చాలు.

మామిడిపండు అయితే ముచ్చిక దగ్గర కారే సొన పూర్తిగా కడగాలి. ఆ సొన తగిలితే మన మూతే పొక్కుతుంది. తొక్క తీసి రసం కాకుండా కండ ముక్క చిన్నది పెట్టవచ్చును. టెంక నాకడానికి వదలవద్దు. కార్బైడుతో మగ్గబెట్టిన పండు మనిషికే తగదు, ఆ పద్ధతిని ప్రభుత్వం నిషేధించింది, పిల్లి సంగతి చెప్పనక్కరలేదు. పుచ్చకాయ గింజలు తీసి ఎర్రని కండ మాత్రమే. ఖర్బూజా కూడా అంతే. బొప్పాయి బాగా పండినది, గింజ లేకుండా. సపోటా విషయంలో మాత్రం జాగ్రత్త. దాని గింజ కొనకు చిన్న కొక్కెం వంటిది ఉంటుంది, గొంతులో చిక్కుకుంటే పసిపిల్లలకే ప్రమాదం. పిల్లికి మరీనీ. జామ గింజలు గట్టివి, ప్రయోజనం ఏమీ లేదు, మానివేయండి.

పుచ్చకాయ చలవ చేస్తుంది గదా, ఎండలకు పిల్లికి మంచిది గదా అంటారు. చలవ కోసమైతే దానికి నీళ్ళు పెట్టండి. పిల్లి ఎడారి ప్రాంతపు జంతువుల సంతానం. తక్కువ నీరు త్రాగడం దాని స్వభావం, అందువల్ల మూత్రం చిక్కబడి చిక్కులు వస్తాయి. వెడల్పాటి మట్టి మూకుట్లో శుభ్రమైన నీరు, తిండి గిన్నెకు దూరంగా, నీడలో పెట్టి రోజూ మార్చండి. మగపిల్లి మాటిమాటికీ ముక్కుతూ మూత్రం రాక అరుస్తూ ఉంటే రేపు చూద్దాములే అని ఊరుకోవద్దు. అది ఆ రోజే ఆసుపత్రికి తీసుకుపోవలసిన కేసు.

ఇప్పుడు పెట్టకూడని వాటి మాట. మొదటిది ద్రాక్ష, ఎండుద్రాక్ష. 2001 ప్రాంతంలో అమెరికా పశువైద్యులు ద్రాక్ష తిన్న కుక్కలలో మూత్రపిండాలు హఠాత్తుగా చెడిపోతున్నాయని గమనించినారు. కారణం చాలాకాలం అంతుపట్టలేదు. 2021లో ద్రాక్షలోని టార్టారిక్ ఆమ్లమే దీనికి కారణం కావచ్చునని అక్కడి విషచికిత్సా కేంద్రపు వైద్యులు సూచించినారు. ఆ మరుసటి సంవత్సరం ప్రకటించిన వ్యాసంలో చింతపండు తిన్న కుక్కలలో కూడా అదేరకం దెబ్బ కనిపించినట్లు వ్రాసినారు. చింతపండు పులుపుకు ఆ ఆమ్లమే మూలం. వినగానే ఇది మన వంటింటి సంగతి అని మీకు స్ఫురించి ఉంటుంది. పిల్లులలో ద్రాక్షవల్ల జరిగిన హాని కుక్కలలో అంత స్పష్టంగా రుజువు కాలేదు. అయినా లాభం ఏమీ లేని పండు కోసం మూత్రపిండాలను పణం పెట్టడం ఎందుకు? పాయసంలో వేసిన ఎండుద్రాక్ష, పులిహోర, పులుసన్నం పిల్లికీ వద్దు, కుక్కకూ వద్దు. గోదావరి, కృష్ణా జిల్లాలలో చేపల పులుసు వండిన రాత్రి అడుగున మిగిలినది పిల్లి ముందర వంచడం అలవాటు. చేప మంచిదే. పులుసే మంచిది కాదు. అందులో చింతపండు ఉన్నది, ఉప్పూ కారమూ ఉన్నవి, అన్నింటికన్నా మించి ఉల్లిపాయ ఉన్నది.

ఉల్లిపాయ పండు కాదు గాని దాని పేరు ఇక్కడ చెప్పక తప్పదు. ఉల్లి, వెల్లుల్లి పచ్చివైనా, ఉడికినవైనా, ఎండబెట్టి పొడి కొట్టినవైనా పిల్లి రక్తంలోని ఎర్రకణాలను పగులగొడతాయి. కిలో బరువుకు 5 గ్రాముల ఉల్లి చాలు, చెరుపు కనబడుతుంది. 3 కిలోల పిల్లికి 15 గ్రాములన్నమాట, ఒక చిన్న ఉల్లిపాయలో సగం. తిన్న రోజున ఏమీ తెలియదు. రెండు మూడు రోజులు పోయాక చిగుళ్ళు పాలిపోతాయి, రొప్పు వస్తుంది, మూత్రం ఎర్రగా పోతుంది. ఇంట్లోవారు అప్పటికి ఉల్లి సంగతే మరచిపోయి ఉంటారు.

నిమ్మ, బత్తాయి, నారింజ పిల్లే ముట్టదు. ఆ వాసన దానికి గిట్టదు. గిట్టకపోవడమే దానికి రక్ష. కాని నిమ్మ తొక్కలోని నూనె ఒంటికి పట్టిస్తే గోమారులు, ఈగలు పోతాయని ఎవరో చెప్పగా పిల్లికి రుద్దేవారు ఉన్నారు. అది చేయకండి. పిల్లి తన ఒళ్ళంతా నాలుకతో శుభ్రం చేసుకుంటుంది, పైన పూసినదల్లా కడుపులోకే పోతుంది. అటువంటి నూనెలను విరిచి బయటికి పంపే శక్తి దాని కాలేయానికి చాలా తక్కువ. సీతాఫలం గింజల పొడి సంగతి కూడా ఇటువంటిదే. పేలకు అది పాతకాలపు మందు. కంట్లో పడితే మనిషికే కళ్ళు మంటెత్తి వాచిపోతాయి. పిల్లి ఒంటి మీద చల్లవద్దు.

కాలేయపు బలహీనత మాట వచ్చింది గనుక ఇంకొకటి. పిల్లికి జ్వరమనుకుని ఇంట్లో ఉన్న పారాసిటమాల్ మాత్ర పాలలో కలిపి పోసేవారు ఉన్నారు. 500 మిల్లీగ్రాముల మాత్ర ఒక్కటి పిల్లి ప్రాణం తీస్తుంది. సగం కూడా ప్రమాదమే. పశువుల పిడుదులకు కొట్టే పెర్మెత్రిన్, సైపర్‌మెత్రిన్ వంటి మందులు కూడా పిల్లికి గట్టి విషాలు. గేదెలకు మందు కొట్టే పూట పిల్లిని గదిలో పెట్టి తలుపు వెయ్యండి, నేల ఆరిన తరువాత విడవండి.

ఇక నేను మొదట చెప్పిన అసలు విషయం దగ్గరకు వస్తున్నాను.

నేను ఉద్యోగం చేసిన ఒక ఊళ్ళో శాకాహారుల కుటుంబం ఒకటి ఉండేది. మాగాణి భూమి, నిండా ధాన్యం, మంచి ఇల్లు. వారి పాత పిల్లిని వీధి కుక్కలు చంపినవి. అందుచేత తరువాత తెచ్చిన పిల్లిపిల్లను వారు గడప దాటనివ్వలేదు. ప్రేమకు లోటు లేదు. పొద్దున పాలు, మధ్యాహ్నం పెరుగన్నం, సాయంత్రం అరటిపండో, పాలకోవాయో. పిల్లి బొద్దుగా, తెల్లగా, చూడ ముచ్చటగా ఉండేది. రెండేళ్ళు గడిచిన తరువాత ఆ ఇంటి పెద్దావిడ దానిని బుట్టలో పెట్టుకుని వచ్చింది. "బాబూ, రాత్రిళ్ళు ద్వారబంధానికి తగులుకుంటోంది. చిట్టెలుక ముందునుంచి పోయినా కదలడం లేదు. ముసలిదీ కాదు" అన్నది.

నేను దీపం కంటి దగ్గరగా పట్టుకుని చూశాను. కనుపాప ముడుచుకోవలసినంత ముడుచుకోవడం లేదు. "అమ్మా, దీనికి చేపగాని, మాంసంగాని ఎప్పుడైనా దొరికిందా?" అని అడిగాను. "మా ఇంట్లో ఎలా వస్తుంది బాబూ!" అన్నది.

టారిన్ అనే పోషక పదార్థం ఒకటి ఉన్నది. మనుషులు దానిని తమ ఒంట్లోనే చేసుకుంటారు, కుక్క చాలావరకు చేసుకుంటుంది. పిల్లి తగినంత చేసుకోలేదు. దానికి అది ఆహారంలోనే రావాలి. మాంసంలో, చేపలో, ఎలుకలో అది పుష్కలం. అన్నంలో లేదు, పండ్లలో లేదు, పాలలో ఉన్నది చాలదు. టారిన్ అందకపోతే పిల్లి కంటి వెనుక పొర క్రమంగా క్షీణించి చూపు పోతుందని 1975లోనే శాస్త్రజ్ఞులు రుజువు చేసినారు. 1987లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం పశువైద్యులు ఇంకొక సంగతి బయటపెట్టినారు. టారిన్ లేమివల్ల పిల్లి గుండె సాగి బలహీనపడుతుందనీ, టారిన్ ఇస్తే ఆ గుండె తిరిగి కోలుకుంటుందనీ. ఆ తరువాతనే సీమలో అమ్మే పిల్లి మేతలలో టారిన్ పాళ్ళు పెంచినారు. గుండె కోలుకుంటుంది గాని పోయిన చూపు తిరిగి రాదు. ఆ పెద్దావిడకు ఈ మాట చెప్పడం తేలిక కాలేదు. "ఇంత పెట్టి పెంచానే" అని ఒక్కమాట అని ఊరుకున్నది. ఆమె తక్కువ చేసినది ఏమీ లేదు. తనకు మంచిదనిపించినదే పెట్టింది.

మీరు గమనించవలసినది ఏమంటే, అదే పాలు, అదే పెరుగన్నం తినే పిల్లులు ఊరినిండా ఉన్నవి, వాటి కళ్ళు చక్కగా ఉన్నవి. ఎందుచేత? అవి రాత్రి బయటికి పోయి ఎలుకను పడతాయి, తొండను పడతాయి, పిచ్చుకను పడతాయి. మీరు పెట్టే పెరుగన్నం వాటికి పై తిండి మాత్రమే. అందుచేత శాకాహారులైన ఇళ్ళవారికి నేను చెప్పేది ఇది. మీ వంటింట్లోకి మాంసం తెమ్మని నేను అనడం లేదు. పిల్లిని స్వేచ్ఛగా తిరగనివ్వండి, తన భోజనం అది చూసుకుంటుంది. అట్లా కాదు, గడప దాటనివ్వము అంటారా, అప్పుడు టారిన్ కలిపి తయారుచేసిన పిల్లి మేత బజారులో దొరుకుతుంది, అది తెచ్చి పెట్టండి. ఎండు గుళికలు గనుక ముట్టుకోవడానికి అభ్యంతరం ఉండదు. కుక్క మేత చవక గదా అని అది తేవద్దు, పిల్లికి కావలసిన పాళ్ళు అందులో ఉండవు. రెండూ చేయలేని ఇంట్లో పిల్లిని పెంచకపోవడమే మేలు. ఆ మాట కాస్త కటువుగా ఉన్నా చెప్పక తప్పదు.

మాంసాహారులకు ఇబ్బంది లేదు. చేపల తలలు, తోకలు ఉప్పు కారం లేకుండా ఉడికించి, ముళ్ళు తీసి పెట్టండి. ఉడికించిన నీళ్ళు పారబోయవద్దు, టారిన్ కొంత ఆ నీటిలోకి దిగుతుంది, అన్నంలో కలిపి పెట్టండి. పచ్చి చేప రోజూ వద్దు. కొన్ని రకాల పచ్చి చేపలలో బి విటమినును చెరిచే గుణం ఉన్నది. కోడిగుండె, కందనకాయ మంచివి, చవక కూడా. కార్జం వారానికి ఒకసారి కొంచెం చాలు, మితిమీరితే ఎ విటమిను ఎక్కువై ఎముకలు పట్టేస్తాయి. ఉడికిన కోడి ఎముకలు పేలికలుగా విరిగి గుచ్చుకుంటాయి, పారవేయండి. గుడ్డు ఉడికించి పెడితే మంచిదే గాని అది ఒక్కటే చాలదు.

పాల మాట కూడా చెప్పాలి. పిల్లి కళ్ళు మూసుకుని పాలు త్రాగే సామెత మనకున్నది గాని, ఎదిగిన పిల్లులు చాలావాటికి పాలు పడవు. పాలలోని చక్కెరను అరిగించే శక్తి చిన్నతనంతోనే తగ్గిపోతుంది, విరేచనాలు పట్టుకుంటాయి. పడిన పిల్లికి కొంచెం పోయండి, పడనిదానికి మానండి. పెరుగు, మజ్జిగ పాలకన్నా నయం.

విస్తరణ ఉద్యోగులకు ఒక మనవి. ఎలుకల నిర్మూలన కార్యక్రమాలప్పుడు గ్రామంలో ముందుగా దండోరా వేయించండి. జింకు ఫాస్ఫైడు ఎరలో నూకలూ నూనే కలుపుతారు. ఆ నూనె వాసనకు పిల్లి రావచ్చును, ఎర తిన్న ఎలుకను పిల్లి తిని చావవచ్చును. బ్రోమోడయోలోన్ తిన్న ఎలుక వెంటనే చావదు, నాలుగైదు రోజులు మందకొడిగా తిరుగుతుంది, అటువంటిదే పిల్లికి ముందుగా దొరుకుతుంది. ఎలుకలను పట్టే పిల్లిని పోగొట్టుకుని ఎలుకల మందుకు మళ్ళీ డబ్బు పెట్టడం ఏ లెక్కన లాభం? మందు పెట్టిన రోజులలో పిల్లులను ఇంట్లో కట్టడి చేసి కడుపునిండా పెట్టమనండి. చచ్చిన ఎలుకలను ప్రొద్దున్నే ఏరి లోతుగా పాతిపెట్టించండి. బ్రోమోడయోలోన్ విషానికి కె విటమిను విరుగుడు. జింకు ఫాస్ఫైడుకు విరుగుడు లేదు.

పిల్లి పెట్టకూడనిది తిన్నదని తెలిస్తే ఉప్పునీళ్ళు పట్టి కక్కించాలని చూడవద్దు, ఆ ఉప్పే దాన్ని చంపవచ్చును. నూనె, పాలు పోయవద్దు. ఏమి తిన్నదో, ఎంత తిన్నదో, ఏ వేళ తిన్నదో గుర్తుపెట్టుకుని, మిగిలిన ముక్కో, మందు డబ్బాయో వెంట తీసుకుని ఆసుపత్రికి రండి. పిల్లి రెండు రోజులు వరుసగా ఏమీ తినకపోయినా, ముఖ్యంగా బొద్దుగా ఉన్న పిల్లి, అది అలకగాదు. తిండి లేని పిల్లికి క్రొవ్వంతా కాలేయంలో చేరి కామెర్లు వస్తాయి. ఆలస్యం చేయకుండా చూపించండి. పట్టుకునేటప్పుడు గోనెగుడ్డలో చుట్టి పట్టండి. కరిచినా, రక్కినా ఆ చోటును సబ్బుతో 15 నిమిషాలు ధారగా పారే నీటిలో కడిగి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్ళాలి. రేబిస్ కుక్కవల్లనే వస్తుందనుకోవడం పొరపాటు. పిల్లికి కూడా ఏటేటా ఆ టీకా వేయించండి.

చివరగా, పిల్లిపిల్లల గురించి. ఎనిమిది వారాలు నిండేవరకు తల్లి దగ్గరే ఉంచండి. నాలుగో వారం నుంచి ఉడికించిన చేపగాని, కోడిమాంసంగాని మెత్తగా చిదిపి అలవాటు చేయవచ్చును. పండు ముక్కలు ఆ వయసులో అసలే వద్దు. చూడి పిల్లికీ, పాలిచ్చే పిల్లికీ మామూలుకన్నా ఎక్కువ మేత, అదీ మాంసకృత్తులు ఉన్నది, పట్టవలసి ఉంటుంది. ఆ రోజులలో తల్లి వేటకు పోలేదు గనుక మీరు పెట్టినదే దానికి ఆధారం.